కంకషన్ తర్వాత: సైకిల్ తొక్కితే బాగానే ఉంది, వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి

కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు కుదుపుకు లోనవడం) అయి రెండు నెలలైంది, స్కాన్ నార్మల్. ట్రెడ్‌మిల్ టెస్టులో గుండె వేగం 140కి చేరగానే తలనొప్పి మొదలైంది. అందుకే ఫిజియో చెప్పినట్టు 125 దాటకుండా రోజూ 20 నిమిషాలు ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కుతున్నాను. దాంతో ఏ ఇబ్బందీ లేదు.

స్క్వాట్లు, కింద ఉన్న బరువు ఎత్తడం, నడుస్తూ తల పక్కలకు తిప్పడం చేస్తేనే కష్టం. గుండె వేగం 105 దాటకముందే కళ్లు తిరుగుతాయి, చూపు మసకబారుతుంది. లక్షణాలు 10కి 2 పాయింట్ల లోపే పెరిగి గంటలో తగ్గితే ఫర్వాలేదంటారు. నాకు 4 పెరిగి సాయంత్రం దాకా ఉంటోంది. బరువు తీసేశాను, విరామం పెంచాను, మెల్లగా చేశాను. మార్పు లేదు. పూర్తిగా మానేస్తే ఇంకా వెనకబడతానేమోనని టెన్షన్.

తల కదిలితేనే ఇలా అయినవాళ్లు ముందు చూపు నిలిపే వ్యాయామాలు (తల తిప్పుతూ ఒకే చోట చూపు నిలపడం) చేసి తర్వాత స్క్వాట్లకు వెళ్లారా, రెండూ కలిపే చేశారా?