వాడిన సూదికి కొత్త సూది: ఖర్చు ప్రభుత్వం పెట్టాలా?

తంగేడు:
మత్తు ఇంజెక్షన్లు చేసుకునేవాళ్ల దగ్గర వాడిన సిరంజిలు తీసుకుని కొత్తవి ఉచితంగా ఇచ్చే కేంద్రాలకు ప్రజల సొమ్ము పెట్టడం నాకు మింగుడుపడటం లేదు. ఒక చేత్తో నేరమని శిక్షిస్తూ ఇంకో చేత్తో సూది అందిస్తారా? ఆ డబ్బుతో వ్యసనం మాన్పించే ఆసుపత్రులు పెట్టొచ్చు కదా!

వానచినుకు:
తంగేడు గారూ, ఆసుపత్రులు కావాల్సిందే. కానీ మానడానికి కొందరికి ఏళ్లు పడుతుంది. ఆలోపు హెచ్‌ఐవీ, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి అంటకుండా ఎవరు చూస్తారు? సిరంజిలో మిగిలిన రక్తంలో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా బతకగలదని ప్రయోగశాలలో తేలింది.

సూదులు దొరక్కుండా చేస్తే ఏమవుతుందో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో చూశాం. 1980ల మొదట్లో అక్కడ సిరంజిలు దొరకడం కష్టమైంది. మత్తు ఆగలేదు, ఉన్న సూదులే చేతులు మారాయి. 1986లో వెలువడిన అధ్యయనంలో, పరీక్షించిన మత్తు ఇంజెక్షన్ వాడేవారిలో సగం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, స్కాట్ కౌంటీ సంగతీ అంతే. నొప్పి మాత్రలను కరిగించి ఎక్కించుకునేవారు. 2015లో ఆ చిన్న కౌంటీలో హెచ్‌ఐవీ కేసులు దాదాపు 200కు చేరాయి. సూది మార్పిడిని వ్యతిరేకించే గవర్నర్ మైక్ పెన్స్ కూడా చివరికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ముందే ఇచ్చి ఉంటే ఎంతమంది తప్పించుకునేవారో! వాళ్లంతా ఇప్పుడు జీవితాంతం మందులు వాడాలి. అందులో చాలా ఖర్చు మోసేది మళ్లీ ప్రజాధనమే.

గోరువంక:
పిల్లలు తిరిగే చోట ఆ సూదులు పడి ఉంటే? నా భయం అదొక్కటే.

వానచినుకు:
న్యాయమైన భయమే. కేంద్రం వాడినవాటిని వెనక్కి తీసుకుంటుంది కాబట్టి అవి వీధిలో పడటం తగ్గుతుంది. 2016లో అమెరికాలోని మయామీలో కేంద్రం తెరిచాక, బయట పారేసిన సిరంజిలు సుమారు సగానికి పడిపోయాయి.

తంగేడు:
సరే, అలాగైతే ఒకటి తెస్తేనే ఒకటి ఇవ్వాలి. లెక్క ఉండాలి.

వానచినుకు:
లెక్క ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ ఒకటికి ఒకటే అని బిగిస్తే, పోలీసులకు భయపడి పాత సూది దగ్గర పెట్టుకోనివాడు ఖాళీ చేతులతో వెళ్లిపోతాడు. ఆ రోజు ఎవరో వాడినది అడుక్కుంటాడు. 2030 నాటికి ఒక్కొక్కరికి ఏడాదికి 300 శుభ్రమైన సూదులు అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం.

అమెరికా కాంగ్రెస్ ఎంచుకున్న మధ్యేమార్గమైతే నాకసలు నచ్చదు. ఇలాంటి కేంద్రాలకు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు ఇవ్వకూడదన్న నిషేధాన్ని 2015 చివర్లో సడలించి, ఆ నిధులతో సిబ్బందికి జీతాలు ఇవ్వొచ్చు, పరీక్షలు చేయొచ్చు, సూదులు మాత్రం కొనకూడదు అన్నారు. జబ్బును ఆపే వస్తువునే పక్కన పెట్టారు!

తంగేడు:
చికిత్సకు పంపే ఏర్పాటు అక్కడే ఉండాలన్నది నా షరతు. అది లేకపోతే నేను ఒప్పుకోను.

వానచినుకు:
తప్పకుండా ఉండాలి. అమెరికాలోని సియాటెల్‌లో జరిగిన అధ్యయనంలో, కేంద్రానికి కొత్తగా వచ్చినవారు అసలు రానివారికంటే చికిత్సలో చేరే అవకాశం ఐదు రెట్లు ఎక్కువని తేలింది. అయితే చికిత్సకు ఒప్పుకుంటేనే సూది ఇస్తామనకూడదు. అలాగైతే ఎవరూ గడప తొక్కరు.