నియోజకవర్గాల హద్దులను సామాన్య పౌరులు గీయవచ్చా? కాలిఫోర్నియా అనుభవంపై చర్చ

ఫ్రీమాంట్ వాసి:
2025 నవంబరు 4న కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 50ని ఆమోదించి, పౌరుల కమిషన్ గీసిన కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గాల పటాన్ని 2030 ఎన్నికల వరకు పక్కన పెట్టారు. దాని స్థానంలో రాష్ట్ర చట్టసభలోని అధికార పక్షమైన డెమొక్రాట్లు ఆమోదించిన పటం వచ్చింది. హద్దులు గీసే పని అసలు సామాన్యులకు అప్పగించదగినదేనా అన్న ప్రశ్న మళ్లీ లేచింది కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను. అప్పగించవచ్చుననే నా అభిప్రాయం.

తెలియనివారి కోసం ఆ విధానం చెబుతాను. 2008లో ప్రతిపాదన 11తో రాష్ట్ర అసెంబ్లీ, సెనెట్ హద్దులు, 2010లో ప్రతిపాదన 20తో కాంగ్రెస్ హద్దులు ఈ కమిషన్ చేతికి వచ్చాయి. సభ్యులు 14 మంది: డెమొక్రాట్లు 5, రిపబ్లికన్లు 5, ఈ రెండు పార్టీలకూ చెందనివారు 4. వచ్చిన దరఖాస్తులను రాష్ట్ర ఆడిటర్ కార్యాలయం వడపోసి 60 మందిని మిగులుస్తుంది. వారిలో 24 మంది వరకు చట్టసభల నాయకులు నలుగురు కొట్టివేయవచ్చు. మిగిలినవారిలోంచి లాటరీలో 8 మందిని తీస్తే, ఆ 8 మందే తక్కిన ఆరుగురిని ఎంచుకుంటారు. గత పదేళ్లలో అభ్యర్థులుగా నిలబడినవారు, పార్టీ పదవులు చేసినవారు, లాబీయిస్టులు (డబ్బు తీసుకుని చట్టసభ్యులను ఒప్పించే పని చేసేవారు), అభ్యర్థులకు పెద్ద విరాళాలు ఇచ్చినవారు అనర్హులు. పొలం పంచుకునేటప్పుడు కొలత గొలుసును వాటాదారుల్లో ఒకరి చేతికి ఇవ్వము కదా.

లెక్కల మాస్టారు:
పోలిక బాగుంది గాని, గొలుసు పట్టినవాడికి కొలవడం రావాలి. జనగణన అంకెలు, ఓటు హక్కుల చట్టం, దానిపై వచ్చిన కోర్టు తీర్పులు లాటరీలో పేరు వచ్చినంత మాత్రాన ఒంటబట్టవు. మిషిగన్‌నే చూడండి. అక్కడ 2018లో ఓటర్లే 13 మంది పౌరుల కమిషన్‌ను తెచ్చుకున్నారు. డెట్రాయిట్ ప్రాంతంలో ఆ కమిషన్ గీసిన రాష్ట్ర చట్టసభ నియోజకవర్గాలు 13 ఓటర్ల జాతివర్ణమే ప్రధాన ప్రాతిపదికగా గీసినవని చెప్పి 2023 డిసెంబరులో ముగ్గురు ఫెడరల్ న్యాయమూర్తులు కొట్టివేశారు. పైగా ప్రజాప్రతినిధి తప్పు చేస్తే వచ్చే ఎన్నికల్లో ఓడించవచ్చు. లాటరీలో వచ్చిన సభ్యుడిని ఏం చేస్తారు?

ఫ్రీమాంట్ వాసి:
మాస్టారూ, మిషిగన్ ఉదాహరణ మీ వాదానికి ఎదురు తిరుగుతుంది. ఆ తీర్పులో బయటపడిన సంగతి ఏమిటంటే, ఓటర్లను జాతివర్ణాన్ని బట్టి ఇన్ని శాతాల చొప్పున సర్దమని సభ్యులకు పదే పదే చెప్పినది కమిషన్ జీతమిచ్చి పెట్టుకున్న నిపుణులే. సామాన్యుల తప్పు ఉంటే, అది ఆ నిపుణులను గట్టిగా ఎదురు ప్రశ్నించకపోవడం.

ఇక ఆరితేరినవారు గీస్తే ఏమవుతుందో కాలిఫోర్నియాలోనే చూశాము. 2001లో చట్టసభ గీసిన పటం మీద 2002 నుంచి 2010 వరకు అయిదు సార్లు ఎన్నికలు జరిగితే, 53 కాంగ్రెస్ స్థానాల్లో పార్టీ మారినది ఒకే ఒక్కటి. రెండు పార్టీలూ కూడబలుక్కుని ఎవరి స్థానాలు వారు భద్రం చేసుకున్నాయి. మీరన్న "వచ్చే ఎన్నికల్లో ఓడించడం" అన్న మార్గాన్ని మూసినవారే వారు. కమిషన్‌కైతే పదవిలో ఉన్నవారి ఇల్లు ఏ వీధిలో ఉందో లెక్కలోకి తీసుకోవడమే నిషిద్ధం. పటం ఖరారు కావాలంటే 9 ఓట్లు కావాలి. అందులో డెమొక్రాట్లవి 3, రిపబ్లికన్లవి 3, ఇతరులవి 3 ఉండి తీరాలి. 2011లో కాంగ్రెస్ పటం 12–2తో నెగ్గింది. 2021లో 14 మందీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. నాకైతే ఇది నేటికీ కాస్త నమ్మశక్యంగా అనిపించదు.

సభ్యులకు రాని విద్య ఒకటుంది నిజమే, కాని దాన్ని జనం నేర్పుతారు. ఏ పేట పిల్లలు ఏ బడికి వెళతారో, ఏ భాషవారు ఎక్కడెక్కడ కలిసి ఉంటారో బహిరంగ విచారణల్లో స్థానికులు వచ్చి చెప్పుకుంటారు. తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్న మా ఫ్రీమాంట్‌ను, కూపర్టీనోను ఒకే కాంగ్రెస్ నియోజకవర్గంలో చేర్చినది 2011 నాటి కమిషన్ పటమే.

కృష్ణాతీరం:
ఇద్దరూ అర్హత చుట్టూ తిరుగుతున్నారు. నాకు అసలు చిక్కు మరొకచోట కనబడుతోంది. పార్టీ ప్రయోజనం కోసం హద్దులు గీయడం మీద తీర్పు చెప్పడం తమ పని కాదని అమెరికా సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. టెక్సాస్ 2025లో, జనగణన కోసం ఆగకుండానే, రిపబ్లికన్లకు మరో అయిదు స్థానాలు దక్కేలా పటం మార్చుకుంది. దానికి జవాబుగానే ప్రతిపాదన 50 వచ్చింది. మరో రాష్ట్రం తొండి ఆడుతుండగా తామొక్కరే నియమం పాటించడం ఎందుకని ఓటర్లు అనుకున్నారు. వారిని తప్పుపట్టలేను, మెచ్చుకోనూ లేను. పౌరుల కమిషన్ రాష్ట్రానికి ఒక తీరుగా ఉన్నంత కాలం దానికి ఈ గండం తప్పదు.

మన దేశంలో ఆ గండం లేదు, ఒకే కమిషన్ దేశమంతటికీ గీస్తుంది. 2002 పునర్విభజన చట్టం ప్రకారం ఆ కమిషన్ అధ్యక్షుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారో పదవీ విరమణ చేసినవారో. ఎన్నికల సంఘాల ప్రతినిధులు సభ్యులు. ఎంపీలు, ఎమ్మెల్యేలు అనుబంధ సభ్యులే గనుక వారికి ఓటు లేదు. సామాన్యుడికి మాత్రం అందులో కుర్చీ లేదు, అభ్యంతరం చెప్పుకునే అవకాశమే ఉంది. రాబోయే పునర్విభజన గురించి ఇక్కడ ఎన్ని సీట్లు వస్తాయి, ఎన్ని పోతాయి అన్న మాటే వింటున్నాను గాని, గీసేది ఎవరన్న ప్రశ్న నా చెవిన పెద్దగా పడలేదు.

లెక్కల మాస్టారు:
మిషిగన్ విషయంలో ఫ్రీమాంట్ వాసి గారి సవరణను అంగీకరిస్తున్నాను. తీర్పును నేను పూర్తిగా చదవకుండానే రాశాను. అయినా సలహాదారును ఎదురు ప్రశ్నించే శక్తి సభ్యుడికి ఎక్కడి నుంచి రావాలి అన్న సందేహం తీరలేదు. అది సరే, 2031 పటం మళ్లీ కమిషనే గీయాలి కదా, మీరు దరఖాస్తు పెడతారా?

ఫ్రీమాంట్ వాసి:
పెడదామనే అనుకున్నాను, నియమాలు తీసి చూశాను. నియామకానికి ముందు వరుసగా అయిదేళ్లు ఓటరుగా ఒకే పార్టీలోనో, ఏ పార్టీలోనూ కాకుండానో నమోదై ఉండాలి. నియామకాలు 2030 ఆగస్టు 15 నాటికి పూర్తి కావాలి. ప్రతిపాదన 50 మీద ఆవేశంలో నేను నా పార్టీ నమోదు మార్చుకున్నది 2025 అక్టోబరులో. రెండు నెలల తేడాతో అనర్హుడిని. మా ఆవిడ మాత్రం అన్ని విధాలా అర్హురాలు. ఆవిడకు ఆసక్తి లేదు.