తక్కువ ఖర్చులో హాట్‌రాడ్ ఎగ్జాస్ట్: హెడర్లా, పోత ఇనుప మానిఫోల్డ్‌లా?

కూపే1930
డల్లాస్‌లో ఉంటాను. హాట్‌రాడ్, అంటే పాత కారులో బలమైన ఇంజన్ పెట్టి మార్చుకునే బండి, చేస్తున్నాను. 1930 ఫోర్డ్ మోడల్ ఏ కూపేలో ఎనిమిది సిలిండర్ల షెవర్లే 350 ఇంజన్ కూర్చోబెట్టాను. నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్, కాస్త చురుకైన క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) తప్ప ఇంజన్‌లో వేరే మార్పులు లేవు. ఎగ్జాస్ట్‌కు 600 డాలర్లకు మించి పెట్టలేను. సైలెన్సర్లు, పైపులు కూడా అందులోనే రావాలి. పొడవాటి హెడర్లు (ఒక్కో సిలిండర్ పొగకు విడి గొట్టం ఉండేవి) చవకగా దొరుకుతున్నాయి, అవే కొనమని కొందరు, పాత పోత ఇనుప మానిఫోల్డ్‌లు (ఒక వరుస సిలిండర్ల పొగను ఒకచోట కలిపే ఇనుప పోత ముక్కలు) చాలని కొందరు అంటున్నారు. బండి వారాంతాల్లో తిరగడానికే, పందేలకు కాదు. పెద్దలు ఏమంటారు?

పోతఇనుము
మానిఫోల్డ్‌లే తీసుకో తమ్ముడూ. అందులోనూ మధ్యలోంచి తిన్నగా కిందికి దిగే రామ్స్‌హార్న్ రకం. 1950, 60 దశకాల షెవర్లే కార్లకూ ట్రక్కులకూ కంపెనీ బిగించి పంపినవే. పొగ బయటికి వచ్చే మూతి 2 అంగుళాలు ఉన్నవీ, 2.5 అంగుళాలు ఉన్నవీ వచ్చాయి. కాస్త ఓపిక పట్టి 2.5 వెతుకు. పొడవాటి హెడర్ల ఊసే వద్దు. అవి కమారో లాంటి కార్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మోడల్ ఏ చట్రం ఇరుకు, గొట్టాలు పట్టవు. మిగిలిన డబ్బు వంపుల దగ్గర నొక్కుకుపోని మంచి పైపులకు పెట్టు.

నాలుగుగొట్టాలు
పొడవాటివి పట్టవన్న మాట నిజమే. అంతమాత్రాన మానిఫోల్డే గతి అనడం ఒప్పుకోను. 350 ఇంజన్‌లో సిలిండర్లు రెండు వరుసల్లో నాలుగేసి ఉంటాయి, అవి పేలే క్రమం 1-8-4-3-6-5-7-2. 5, 7 రెండూ ఎడమ వరుసలోనివే, పక్కపక్కనే ఉన్నవి, వెంటవెంటనే పేలతాయి. ఒకదాని పొగ బయటికి పోకముందే రెండోది వచ్చి మీద పడుతుంది. ఇంజన్ ఊపిరి తీసుకోవాలంటే ఒక్కో సిలిండర్‌కు విడిగా దారి ఉండాలి. ఇంజన్ దిమ్మెను అంటిపెట్టుకుని దిగే బ్లాక్ హగ్గర్ హెడర్లు ఇలాంటి ఇరుకు చట్రాలకే కదా పుట్టాయి! గొట్టం లావు 1.625 అంగుళాలు ఉంటే ఈ ఇంజన్‌కు సరిపోతుంది.

పోతఇనుము
5, 7 సంగతి బాగా చెప్పారు. కానీ బ్లాక్ హగ్గర్‌లో ఆ విడి దారి ఎంత దూరం? జానెడు పోగానే నాలుగు గొట్టాలూ ఒకే మూతిలో కలుస్తాయి. ఒక సిలిండర్ పొగ పక్కదాని పొగను లాగాలంటే గొట్టం పొడవుగా ఉండాలి, ఆ లాభం కూడా ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడే బాగా తెలుస్తుంది. వారాంతపు బండికి అది అక్కరకు రాదు.

చవక హెడర్లలో నన్ను బాధపెట్టేది ఫ్లాంజ్, అంటే ఇంజన్‌కు ఆనించి బిగించే పలక. పావు అంగుళం రేకు వేసి అమ్ముతారు. వేడికి అది వంగుతుంది, పొగ కారకుండా మధ్యలో పెట్టే గాస్కెట్ కాలుతుంది, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మంటుంది. కొన్నా సరే, బిగించే ముందు ఫ్లాంజ్‌ను అద్దం పలక మీద బోర్లించి వెనక నుంచి టార్చి వేయండి. వెలుతురు కనిపించిందా, తిరిగి పంపేయండి. తర్వాత ఒక్కో రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పండి. లోపల వెల్డింగ్ ముద్ద తగిలితే అది పొగకు అడ్డమే. పోత ఇనుముకు ఈ వెల్డింగ్ బాధే లేదు, పాతదైతే పగుళ్లు మాత్రం చూసుకోవాలి.

ఉప్పునేల
మీ ఇద్దరూ హాట్‌రాడ్ ఎక్కడ పుట్టిందో మరిచిపోయారు. కాలిఫోర్నియాలోని మురాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద కుర్రవాళ్లు పాత ఫోర్డులను పరుగెత్తించేవారు. ఆ పరుగులు నడిపే దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది 1937లో. బానెట్ పక్కన బయటికి వంగి కనిపించే లేక్స్ హెడర్లు ఆ నేల ఇచ్చినవి. బానెట్ పక్క రేకులు తీసేసిన మోడల్ ఏలో ఇనుప ముద్ద కనిపిస్తే నాకు మనసొప్పదు. మూతి మూసి, లోపలి నుంచి సైలెన్సర్‌కు కలిపితే రోడ్డు మీదా తిరగవచ్చు.

నాలుగుగొట్టాలు
అందం కాదనను. 600 డాలర్లలో లేక్స్ హెడర్లు, సైలెన్సర్లు, పైపులు మూడూ రావు. ఫ్లాంజ్ విషయంలో మాత్రం పోతఇనుము గారి మాటే నా మాట: 3/8 అంగుళానికి తక్కువ వద్దు. పూత లేని మామూలు ఉక్కు గొట్టాలకు వేడి ఆపే పట్టీ చుట్టకండి. తడి లోపలే నిలిచి తుప్పు తినేస్తుంది.

కూపే1930
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు బండి కింద పడుకుని చూశాను. స్టీరింగ్ కడ్డీ ఎడమ వైపు, రామ్స్‌హార్న్ మూతి దిగాల్సిన చోటు పక్కనుంచే పోతోంది. కుడి వైపు మాత్రం చోటు బోలెడంత ఉంది.

నాలుగుగొట్టాలు
అదే నేను చెప్పేది. ఎడమ పక్క బ్లాక్ హగ్గర్ తప్ప వేరే దారి లేదు.

పోతఇనుము
తొందరపడకు తమ్ముడూ. తెలిసినవారి దగ్గర ఎడమ మానిఫోల్డ్ ఒకటి అరువు తెచ్చి రెండు బోల్టులతో వేలాడదీసి చూడు. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కనుక గ్యాస్ తొక్కినప్పుడు పక్కకు ఊగుతుంది. కడ్డీకీ ఇనుముకూ మధ్య బొటనవేలు సులువుగా దూరితే రామ్స్‌హార్న్ కొను. దూరకపోతే ఆయన చెప్పినవే కొను, మందం ఫ్లాంజ్‌వి. ఏది బిగించినా మొదటిసారి వేడెక్కి చల్లారాక బోల్టులు మళ్లీ బిగించాలి.