ఘనా సామ్రాజ్యం బతికింది బంగారం మీదా, సుంకాల మీదా?

నదీతీరం:
ఎనిమిదో శతాబ్దంలోనే ఖగోళ శాస్త్రవేత్త అల్-ఫజారీ ఘనాను (ఇప్పటి ఘనా దేశం కాదు, పాత పశ్చిమాఫ్రికా రాజ్యం) ‘బంగారు దేశం’ అన్నాడు. అసలు రాబడి సుంకాలదే అనేవాళ్ల మాట నాకు మింగుడుపడటం లేదు. బంగారమే లేకపోతే సహారా దాటి ఒంటెల బిడార్లు ఎందుకొస్తాయి?

పాతనాణెం:
నదీతీరం గారూ, బిడార్లు వచ్చింది బంగారం కోసమే, కాదనను. కానీ ఆ గనులు ఎక్కడివి? సెనెగల్, ఫలేమె నదుల నడుమ ఉన్న బంబుక్‌వి. ఘనాను ఏలిన సోనింకే జాతివాళ్ల రాజధాని అక్కడికి చాలా దూరం, ఇప్పటి మౌరిటానియా ఆగ్నేయ మూల. తవ్వేవాళ్ల మీద వాళ్లకు గట్టి పట్టు ఉన్నట్టు కనపడదు. వాళ్ల చేతిలో ఉన్నది దారి.

1068లో అరబ్బీ భూగోళ రచయిత అల్-బక్రీ రాసిన లెక్క చూడండి. గాడిద మోసుకొచ్చే ఉప్పు బరువు లోపలికొస్తే ఒక దీనారు, బయటికి పోతే రెండు. రాగి బరువుకి అయిదు మిస్కాళ్లు (బంగారం తూచే కొలత), ఇతర సరుకులకి పది. బయటికి పోయే ఉప్పుకి రెట్టింపు ఎందుకు? ఆ ఉప్పు ఇంకా దక్షిణానికి పోతుంది, అక్కడ దానికి బదులు బంగారం వస్తుంది. ఉప్పు లేని నేలలో అది ఎంత విలువైందో రాజుకి బాగా తెలుసు.

నదీతీరం:
అదే అల్-బక్రీ ఇంకోటి కూడా చెప్పాడు. గనుల్లో దొరికే ముద్దలన్నీ రాజువి, బంగారు రజను మాత్రమే జనానిది. ఇది సుంకం కాదు కదా, నేరుగా బంగారం మీద హక్కే.

పాతనాణెం:
హక్కే, ఒప్పుకుంటున్నాను. కానీ కారణం కూడా ఆయనే చెప్పాడు: ముద్దలు కూడా జనానికి వదిలేస్తే బంగారం మరీ ఎక్కువై విలువ పడిపోతుందట. గని యజమానికన్నా బజారు తెలిసినవాడి ఆలోచన అది.

సార్థవాహ:
ఇద్దరూ ఒకటి గుర్తుంచుకోండి. అల్-బక్రీ కార్డోబాలో కూర్చుని వర్తకుల నోట విన్నది రాశాడు, ఘనా వెళ్లలేదు. ఇక ‘దారే సర్వస్వం’ అంటే ఒక చిక్కుంది. ఘనా చేతిలోని బిడార్ల ఊరు అవ్‌దఘుస్త్‌ను సహారా బెర్బర్ ముస్లిములైన అల్మొరావిద్‌లు 1054 ప్రాంతంలో పట్టుకున్నారు. అల్-బక్రీ వర్ణించిన దర్బారు దాని తర్వాతిది: 1063లో గద్దెనెక్కిన ఘనా రాజు తున్‌కా మనీన్‌ది. బంగారు పట్టీల కుక్కలు, జడల్లో బంగారం అల్లుకున్న రాకుమారులు అందులోవే. పెద్ద దారి పోయినా సంపద పోలేదే!

పాతనాణెం:
మంచి పట్టు పట్టారు. అవ్‌దఘుస్త్ ఒక్కటే దారి అన్నట్టు మాట్లాడటం నా తప్పు. కానీ తర్వాత ఏమైందో చూడండి. బంబుక్ బంగారం ఎక్కడికీ పోలేదు. దానికి ఆగ్నేయాన బురే గనులు పెద్దవయ్యాయి, వర్తకం అటు మళ్లింది, ఆ దారుల మీద మాలి సామ్రాజ్యం లేచింది. నేల కింద బంగారం అలాగే ఉండగా ఘనా ఎందుకు చిక్కిపోయింది? దీనికి జవాబు మీరు చెప్పండి.