స్పీకర్ 8 ఓమ్‌లైతే ఆంప్లిఫయర్ నిరోధమూ 8 ఓమ్‌లు ఉండాలా?

డిప్లొమా విద్యార్థి:
లోడ్ (పవర్ తీసుకునేది) నిరోధం, సోర్స్ (పవర్ ఇచ్చేది) నిరోధం సమానమైనప్పుడే గరిష్ఠ పవర్ అందుతుందని చదువుకున్నాం. మా ఆంప్లిఫయర్ అంతర నిరోధం 0.1 ఓమ్ కూడా లేదు, స్పీకరేమో 8 ఓమ్‌లు. మధ్యలో 8 ఓమ్‌ల నిరోధకం పెడితే రెండూ సమానమవుతాయి కదా! మా లెక్చరర్ మాత్రం వద్దంటున్నారు.

బల్ల మెకానిక్:
వద్దనడమే సరైనది. ఆంప్లిఫయర్ 8 వోల్టులు ఇస్తోందనుకోండి. నేరుగా కలిపితే స్పీకరుకు 8 వాట్లు. మీ నిరోధకం పెడితే స్పీకరు దగ్గర 4 వోల్టులే మిగులుతాయి, అంటే 2 వాట్లు. ఇంకో 2 వాట్లు ఆ నిరోధకాన్ని కాల్చడానికే సరిపోతాయి. సోర్సు మార్చలేనిదైనప్పుడు లోడ్ ఎంత పెట్టాలన్నదే ఆ సిద్ధాంతం చెబుతుంది. సోర్సు మన చేతిలో ఉంటే దాని నిరోధం ఎంత తగ్గితే అంత మేలు.

నిన్న ఒక ఆంప్లిఫయర్ కొలిచాను. ఏమీ తగిలించకముందు 10 వోల్టులు. స్పీకరుకు బదులు 8 ఓమ్‌ల పింగాణీ నిరోధకం తగిలిస్తే 9.9. అంటే లోపలి నిరోధం 0.08 ఓమ్. పాటలో డ్రమ్ము దెబ్బ పడ్డాక స్పీకరు కోన్ ఊగుతూ ఉండిపోకుండా పట్టి ఆపేది ఆ చిన్న అంకే.

రేడియో అభిమాని:
అలాగని సిద్ధాంతం పరీక్షలకే పరిమితమంటే నేను ఒప్పుకోను. యాంటెన్నాలో పుట్టేది మైక్రోవోల్టులు, అందులో ఒక్క పిసరు కూడా వదులుకోలేం. పాత టీవీలకు 300 ఓమ్‌ల చదును తీగకూ 75 ఓమ్‌ల కేబుల్‌కూ మధ్య బాలున్ (రెండింటినీ సరిపోల్చే చిన్న ట్రాన్స్ఫార్మర్) ఎందుకు పెట్టేవారు? అది లేకపోతే సిగ్నల్ వెనక్కి తన్నేది, తెర మీద బొమ్మ పక్కనే నీడబొమ్మ కనిపించేది.

బల్ల మెకానిక్:
యాంటెన్నా సంగతిలో మీ మాటే నిజం. నా బాధ వేరు. 19వ శతాబ్దంలో యాకోబి నియమాన్ని, అంటే ఈ గరిష్ఠ పవర్ సిద్ధాంతాన్నే, తప్పుగా అర్థం చేసుకుని, డైనమో దక్షత 50 శాతం దాటదని ఇంజనీర్లు కూడా నమ్మారు. 1879లో ఎడిసన్ డైనమో నిరోధాన్ని బాగా తగ్గించి చూపాకే ఆ నమ్మకం సడలింది. ఇప్పటికీ అదే పొరపాటు పిల్లల నోట వినిపిస్తోంది.

డిప్లొమా విద్యార్థి:
మెకానిక్ గారూ, లెక్క మళ్లీ వేశాను. 12 వోల్టుల సోర్సు, లోపల 4 ఓమ్‌లు. లోడ్ 4 ఓమ్‌లైతే 9 వాట్లు, దక్షత 50 శాతం. లోడ్ 12 ఓమ్‌లైతే 6.75 వాట్లే, కానీ దక్షత 75 శాతం.

రేడియో అభిమాని:
సోర్సు బ్యాటరీ అయితే నేనూ 12 ఓమ్‌లే పెడతాను.