చూరునీళ్ల డ్రమ్ముకి మెష్ కట్టినా దోమ పురుగులు ఎలా పడుతున్నాయి?

చూరునీళ్లు:
అమలాపురం వైపు పెంకుటిల్లండి. చూరు కింద రేకు తూము, దాని నుంచి రెండు 200 లీటర్ల నీలం డ్రమ్ములు. బోరు నీళ్లు ఉప్పన కాబట్టి కూరమొక్కలకి ఇవే ఆధారం. మూతలు తీసేసి నైలాన్ మెష్ పరిచి తాడుతో కట్టి ఉంది. అయినా వారం తిరిగేసరికి తోకలాడించే పురుగులు. అడుగున ఎర్ర దారాల్లాంటివి కూడా ఉన్నాయి. మెష్ మార్చాలా, మందు వెయ్యాలా?

పైపులపని:
మెష్ సంగతి తర్వాత. పొర్లు నీళ్లు పోయే గొట్టం ఎంత లావు? దాని మూతికి జల్లెడ ఉందా?

ఎందుకంటే లెక్క ఇదీ. చదరపు మీటరు కప్పు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. ఒక వాలు 50 చదరపు మీటర్లు అనుకుంటే 10 మి.మీ. జల్లుకే 500 లీటర్లు. పెంకు పీల్చింది, చిమ్మింది తీసేసినా 400 వస్తాయి. అంటే ఒక్క జల్లుకి మీ రెండు డ్రమ్ములూ నిండి పొర్లాల్సిందే. లోపలికి 3 అంగుళాల గొట్టం, బయటికి ముప్పావు అంగుళం ఉంటే నీళ్లు ఎటు పోతాయి? మెష్‌ని కిందనుంచి పైకి తన్ని అంచుల మీంచి పోతాయి. తాడు వదులవుతుంది. వాన వెలిశాక చూస్తే వేలు దూరే సందు ఉంటుంది, దోమకి అంత కూడా అక్కర్లేదు.

లోపలికి ఎంత గొట్టమో బయటికీ అంతే పెట్టండి. అంచుకి నాలుగు వేళ్లు కింద రంధ్రం కొట్టి, లోపలా బయటా రబ్బరు వాషర్‌తో ట్యాంకు నిప్పుల్ బిగించి, ఎల్బో కిందకి తిప్పండి. మూతికి మెష్ ముక్క చుట్టి స్టీలు క్లిప్పు వెయ్యండి. డ్రమ్ము పైన కూడా తాడు కాదు, పాత సైకిల్ ట్యూబు కోసి రెండు చుట్లు లాగి కట్టండి, సాగి పట్టుకుంటుంది.

చూరునీళ్లు:
బయటికి ముప్పావు అంగుళమే ఉందండి. జల్లెడ లేదు.

కడియం_నర్సరీ:
ఆ సందు మూసినా ఇంకోటి ఉంది. మెష్ మధ్యలో కుంగుతుందా? కొబ్బరి చెట్టు కింద డ్రమ్ము పెడితే పూత, పిందెలు, ఎండుటాకు పడి ఆ బరువుకి గిన్నెలా దిగిపోతుంది. నిండినప్పుడు నీళ్లు ఆ కుంగిన చోట మెష్‌ని తాకుతాయి. ఇక దోమ లోపలికి పోవాల్సిన పనే లేదు, తడి మెష్ మీదే గుడ్లు పెట్టేస్తుంది. అప్పుడే పుట్టిన పిల్ల మిల్లీమీటరు పొడవుంటుంది, సన్నం కాబట్టి కంతల్లోంచి జారిపోతుంది. మెష్ డప్పు మీద తోలులా బిగుతుగా ఉండాలి, నిండు నీటి మట్టానికి కనీసం రెండంగుళాలు పైన ఉండాలి.

కంత సైజుకి నా పరీక్ష సన్న ఆవాలు. ఆవగింజ జారిపోయిందంటే ఆ మెష్ పనికిరాదు. నర్సరీల్లో నీడకి కట్టే ఆకుపచ్చ వల అసలే పనికిరాదు. కిటికీలకి వేసేది సరిపోతుంది.

మలేరియా_డ్యూటీ:
ముందుగా ఎర్ర దారాల సంగతి. అవి కుట్టే దోమ పిల్లలు కావు. బురదలో ఉండే వేరే రకం ఈగల పిల్లలు, ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టి ఎర్రగా కనిపిస్తాయి. వాటిని చూసి మందు వేసేవాళ్లు చాలామంది. అవి కనిపించాయంటే అడుగున మడ్డి పేరుకుందని అర్థం, అంతే.

చూడాల్సింది పైన. డ్రమ్ము దగ్గరికి వెళ్లగానే నీడ పడి అన్నీ కిందకి మునుగుతాయి, నీళ్లు ఖాళీ అనిపిస్తుంది. కదలకుండా రెండు నిమిషాలు ఆగి, తెల్ల మగ్గుతో అంచు వెంబడి నాలుగైదు చోట్ల ముంచండి. నీటికి సమాంతరంగా పడుకున్నట్టుంటే అనాఫిలిస్, మలేరియా దోమ. తల కిందకి వేలాడుతూ, తోక దగ్గర పొడుగాటి గొట్టం ఉంటే క్యూలెక్స్, మన డెల్టాలో బోదకాలు తెచ్చిన దోమ. ఆ గొట్టం పొట్టిగా ఉండి, దాదాపు నిలువుగా వేలాడితే ఏడిస్, డెంగీ దోమ. కామాలా వంకర తిరిగి దొర్లుతున్నవి ప్యూపాలు. అవి కనిపిస్తే రెండు రోజుల్లో రెక్కలొస్తాయని లెక్క, ఆగకుండా ఆ రోజే ఒంపెయ్యాలి.

ఏడిస్ గుడ్లు నీళ్లలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన తడిగోడకి అంటిస్తుంది. నల్లగా, మసి చుక్కల్లా ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు. వేసవిలో డ్రమ్ము ఖాళీగా పడున్నా, తొలకరికి నీళ్లు ఎక్కగానే పిల్లలు లేస్తాయి. మెష్ కొత్తదే, ఎక్కడా సందు లేదు, అయినా పురుగులంటే కారణం ఇదే కావచ్చు.

అందుకే నీళ్లు ఒంపితే సరిపోదు, గోడ తోమాలి. బ్లీచింగ్ పౌడరు, బట్టల సబ్బు పొడి కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి నీటి గీత పైనా కిందా జానెడు మేర పూసి, పావుగంట వదిలి, కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దండి. చేతికి తొడుగు వేసుకోండి. కడిగిన నీళ్లు ఎండు నేల మీద పొయ్యాలి, మురుగ్గుంటలో కాదు, మొక్కల పాదుల్లో అసలే కాదు. బాత్రూం యాసిడ్ మాత్రం బ్లీచింగ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు, ఆ లెక్క మీద పెట్టిందే, వారం దాటనివ్వకూడదని.

చూరునీళ్లు:
వానాకాలంలో వారం వారం 400 లీటర్లు పారబోయడం ప్రాణం ఒప్పదండి. పక్కవాళ్లు కొబ్బరినూనె రెండు చెంచాలు వెయ్యమంటున్నారు.

కడియం_నర్సరీ:
నూనె తెట్టు కడితే పురుగుకి ఊపిరాడదు, అది నిజమే. కానీ గాలికి తెట్టు ఒక పక్కకి పోతుంది, ఇటువైపు నీళ్లు తేటగా మిగిలిపోతాయి. వాన పొర్లితే ముందు పోయేది పైనున్న నూనే. నాలుగు రోజులకి కంపు. కిరోసిన్, బండి మడ్డి ఆయిల్ అయితే మొక్కలకే దెబ్బ. పటిక మడ్డిని దించుతుంది గానీ పురుగుని చంపదు.

గోలెం_గప్పీ:
నీళ్లు పారబోయకుండా ఉండాలంటే చేపలు. కానీ డ్రమ్ములో కాదు, సిమెంటు గోలెంలో, నీడలో. నీలం డ్రమ్ము ఎండలో ఉంటే నీళ్లు కాగి చచ్చిపోతాయి. 200 లీటర్లకి నాలుగైదు గప్పీలు చాలు, ఆడవి ఎక్కువ ఉండాలి. రంగుల తోక ఉన్న మగ చేప చిన్నది, తిండీ తక్కువే. మేత వెయ్యకండి, కడుపు నిండితే పురుగు జోలికి పోదు.

కొత్త గోలెం అయితే సున్నం దిగి చేపలు తేలిపోతాయి. నీళ్లు నింపి, అరటి బోదె ముక్కలు వేసి వారం నానబెట్టి పారబోయండి. అలా మూడు నాలుగు సార్లు.

గంబూసియా చేపని మాత్రం గోలెంలో వెయ్యొద్దంటాను. 1928లో మన దేశానికి తెచ్చారు, పురుగుల్ని బాగా తింటుంది. కానీ పొర్లి పంట కాలువలో పడితే అక్కడి చేప గుడ్లనీ పిల్లల్నీ తింటుంది. పొర్లితే గప్పీతోనూ ఇబ్బందే, అందుకే జల్లెడ తప్పదు. మన కాలువల్లోనే, నీటి పైపైన తిరిగే, నడినెత్తిన తెల్లచుక్క మెరిసే చిన్న చేప ఉంది చూశారా, అది దొరికితే అన్నిటికన్నా మేలు. కప్పపిల్లల మీద ఆశ పెట్టుకోకండి, అవి పాచి తింటాయి.

మలేరియా_డ్యూటీ:
డ్రమ్ముకైతే బీటీఐ. 1976లో ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో దొరికిన బాక్టీరియా. పురుగు దాన్ని తింటే పేగు పగిలి చస్తుంది. మనుషులకీ చేపలకీ మొక్కలకీ ఇబ్బంది లేదు. షాపులో అడిగేటప్పుడు జాగ్రత్త: గొంగళి పురుగులకి అమ్మే బీటీ వేరు, అది కుర్‌స్టాకీ. డబ్బా మీద ఇజ్రాయెలెన్సిస్ అని ఉండాలి.

బలం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, లేబుల్ కొలతే పాటించండి. పొడి నేరుగా చల్లితే గడ్డలు కట్టి తేలుతుంది, మగ్గు నీళ్లలో చిలికి పొయ్యండి. ఎండకి విరిగిపోతుంది, పొర్లితే కొట్టుకుపోతుంది. కాబట్టి వారం పది రోజులకి, పెద్ద వాన పడితే వెలిశాక మళ్లీ వెయ్యాలి. ప్యూపా ఏమీ తినదు కాబట్టి దాని మీద పనిచెయ్యదు. వేశాక రెండో రోజు దోమలు లేచాయంటే మందు నకిలీదని కాదు, మీరు ఆలస్యంగా వేశారని.

టెమిఫాస్ అనే రసాయన మందు ఇసక గుళికలు 1 శాతంవైతే 200 లీటర్లకి 20 గ్రాములు, డ్రమ్ము సగం ఉంటే సగం. కూరమొక్కల డ్రమ్ముకి అంతదూరం పోనక్కర్లేదు.

కడియం_నర్సరీ:
నీళ్లు చల్లగా ఉంటాయని అంతరతామర వేస్తారు కొందరు. ఆ పని చెయ్యకండి. మాన్సోనియా అనే దోమ పిల్ల దాని వేళ్లకి గొట్టం గుచ్చి అక్కడే గాలి పీల్చుకుంటుంది, పైకి రాదు. మగ్గుకీ దొరకదు, నూనె తెట్టుకీ చావదు.

డ్రమ్ములు శుభ్రమై కూడా పగటి దోమ, అదే ఏడిస్, కుడుతుంటే చెట్ల కింద చూడండి. కోకో కాయ డిప్పలు, కొబ్బరి చిప్పలు, చేమాకు మొదట్లో నిలిచిన గుక్కెడు నీళ్లు చాలు దానికి.

చూరునీళ్లు:
మెష్‌ని ఎలకలు కొరుకుతున్నాయి. ఇనప జాలీ వేస్తే?

పైపులపని:
జీఐ జాలీ (జింకు పూత వేసిన ఇనుము) సముద్రపు గాలికి తొందరగా తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మెష్ తీసుకోండి, డ్రమ్ము మూతి కన్నా చుట్టూ నాలుగంగుళాలు ఎక్కువ కోయించండి. రేకు తూము కూడా ఒకసారి చూడండి, మధ్యలో కుంగి నీళ్లు నిలిస్తే డ్రమ్ముకన్నా ముందు అక్కడే పెరుగుతాయి. 10 అడుగులకి అంగుళం వాలు చాలు. కుళాయి అడుగుకి మూడంగుళాలు పైనుంటే ఆ కింద నీళ్లు ఎప్పటికీ పోవు, మడ్డీ ఎర్ర పురుగులూ అక్కడే. డ్రమ్ముని రెండు వరసల ఇటుక మీదకి ఎక్కించి, కుళాయి వైపుకి కాస్త వాల్చి, అడుగున విడిగా ఒక ప్లగ్గు పెట్టించండి.