గోదారి గట్టు మీదికి వచ్చింది గొంతేనా, గోగులేనా?

కాసెట్‌కాలం:
'సంక్రాంతికి వస్తున్నాం' 2025 జనవరిలో వచ్చింది, వెళ్ళింది. 'గోదారి గట్టు' పాట మాత్రం ఇంకా పెళ్ళి ఊరేగింపుల్లోంచి కదలడం లేదు. యూట్యూబ్‌లో పది కోట్ల వ్యూస్ ఎప్పుడో దాటేసింది. సంతోషమే. నా పేచీ అంతా 'రమణ గోగుల కమ్‌బ్యాక్' అనే మాటతో. ఆ ట్యూన్ భీమ్స్ సిసిరోలియోది. రాసింది భాస్కరభట్ల. గోగుల వచ్చి, మధుప్రియతో కలిసి పాడారు. పాడటం చిన్న పనని నేననడం లేదు. కానీ 'తమ్ముడు', 'బద్రి' చేసిన మ్యూజిక్ డైరెక్టర్ తిరిగొచ్చాడని ఎలా చెప్పుకుంటాం? పదకొండేళ్ళ తర్వాత ఊళ్ళోకొచ్చిన వంటమాస్టారు పెళ్ళిలో వడ్డించి వెళ్ళిపోతే, ఆయన వంట తిన్నామంటామా?
దీన్ని కమ్‌బ్యాక్ అనొచ్చా? ఆయన మళ్ళీ ట్యూన్లు కట్టాలా, వద్దా? మొహమాటం లేకుండా చెప్పండి.

తణుకు బుల్లోడు:
పదకొండేళ్ళేంటండీ? అందరూ పద్దెనిమిదేళ్ళనే రాశారు కదా.

కాసెట్‌కాలం:
అది ఈ సినిమా హీరో వెంకటేష్ గారి లెక్కండీ. 1998లో 'ప్రేమంటే ఇదేరా', 2006లో 'లక్ష్మి', తర్వాత ఇద్దరూ కలిసింది ఈ పాటకే. గోగుల మాత్రం ఈ మధ్యలో 'అన్నవరం', 'యోగి', 'బోణీ' చేశారు, 2013లో తేజ గారి '1000 అబద్ధాలు' చేశారు. 2013 నుంచి 2024 డిసెంబర్‌లో పాట విడుదలయ్యేదాకా పదకొండు.

తణుకు బుల్లోడు:
లెక్క మీదే కరెక్టు, ఒప్పుకున్నాను. కానీ వంటమాస్టారు పోలిక ఒప్పుకోను. 1999లో 'తమ్ముడు' వచ్చినప్పుడు నేను ఇంటర్. అందులో 'ట్రావెలింగ్ సోల్జర్' పాట మొత్తం ఇంగ్లీషే, ఒక్క తెలుగు ముక్క ఉండదు. మా బ్యాచ్‌లో ఇంగ్లీషు పేపరు మొదటిసారికే గట్టెక్కినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అయినా క్యాసెట్ ఆపుతూ వెనక్కి తిప్పుతూ, చెవికి ఎలా తగిలితే అలా తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్కులో రాసుకుని, పొద్దున్నే కాలవ గట్టు మీద పాడుకుంటూ పరిగెత్తేవాళ్ళం. సినిమాలో హీరోలా కిక్ బాక్సింగ్ ఎవడూ నేర్చుకోలేదు, అది వేరే సంగతి. ఆ మాటలకి అర్థం నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు. తెలిసింది ఆ గొంతే. 'వయ్యారి భామ' కూడా అంతే కదా, ఆ పాట ఇంకో సింగర్ పాడితే వింటామా? ఆయన ట్యూన్, ఆయన గొంతు వేరువేరు కాదండీ. గొంతొస్తే మనిషొచ్చినట్టే.

ఖమ్మం కోయిల:
మీ ఇద్దరూ గోగుల గారి కోసం కొట్టుకుంటున్నారు గానీ, ఆ పాట నిలబడింది పక్కన మధుప్రియ ఉండటం వల్ల. ఆయనది కాస్త ముక్కుతో, కాస్త ఇంగ్లీషు యాసతో పలికే గొంతు. ఆమెది పల్లెపాటల్లో పెరిగిన గొంతు, దాపరికం ఉండదు. ఆ తేడాలోనే మొగుడూ పెళ్ళాల సరసం వినిపిస్తుంది. ఇద్దరూ ఒకేలా పాడి ఉంటే అది మామూలు డ్యూయెట్. ఈ రెండు గొంతుల్నీ ఒకచోట కూర్చోబెట్టాలన్న ఆలోచనకి ఇవ్వాలి మార్కులు.
కమ్‌బ్యాక్ కావాలంటే భీమ్స్ గారి గురించి మాట్లాడండి. 2012లో 'నువ్వా నేనా'తో వచ్చారు. పేరు మోగింది 2022లో 'ధమాకా'కి. ఆ పదేళ్ళూ ఆయన ఎక్కడున్నారని ఎవరైనా అడిగారా?

బేస్‌గిటార్ బాబు:
చిన్న స్టూడియోలో పనిచేస్తా, కాబట్టి పని సంగతి చెప్తా. సింగర్‌కి ట్రాక్ పంపుతారు. అమెరికాలో ఉన్నా, అమలాపురంలో ఉన్నా మంచి మైకు, గది ఉంటే గొంతు రికార్డు చేసి పంపొచ్చు. ఒకటి రెండు రోజుల పని. మ్యూజిక్ డైరెక్టర్ సంగతి అలా కాదు. నెలల తరబడి డైరెక్టర్ పక్కన కూర్చోవాలి. పాటలన్నీ ఒకేసారి క్యాసెట్‌లో వచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు ఒక్కో లిరికల్ వీడియో విడిగా వదులుతారు, మొదటిది ఆడకపోతే రెండోదానికి టెన్షన్ మొదలు. పైగా ఉద్యోగంలో సగం బీజీఎమ్మే, అంటే సీన్ల వెనక వినిపించే సంగీతం. రిలీజ్ ముందు రోజు దాకా ఎడిట్ మారుతూనే ఉంటుంది, దానికి తగ్గట్టు రాత్రంతా కూర్చుని మార్చాలి. అమెరికాలో టెక్నాలజీ ఉద్యోగం చేసుకుంటున్న పెద్దాయన ఇప్పుడు వచ్చి ఈ చాకిరీ చేయాలని మనం అడగడం కొంచెం అన్యాయం బ్రో.

కాసెట్‌కాలం:
బాబూ, నువ్వు చెప్పింది ఆయన ఎందుకు రావడం లేదన్న దానికి జవాబు. రాకపోయినా వచ్చాడనడం సబబేనా అన్నది నా ప్రశ్న. పైగా నాకు ఇందులో ఇంకో వాసన కూడా వస్తోంది. 2025 అక్టోబర్‌లో అదే డైరెక్టర్ అనిల్ రావిపూడి, అదే భీమ్స్, చిరంజీవి గారి 'మన శంకర వరప్రసాద్ గారు' కోసం 'మీసాల పిల్ల'ని ఉదిత్ నారాయణ్‌తో పాడించారు. వెంకీకి మన కాలేజీ రోజుల గొంతు, చిరుకి మన కాలేజీ రోజుల గొంతు. దీన్ని కమ్‌బ్యాక్ అనరు గురూ, పాత జ్ఞాపకాలకి క్యాస్టింగ్ అంటారు. హీరోయిన్‌ని ఎంచుకున్నట్టే గొంతునీ ఎంచుకుంటున్నారు.

బేస్‌గిటార్ బాబు:
పాతదాన్ని కొత్తగా అమ్మడం తప్పయితే మొదటి ముద్దాయి గోగుల గారే. 2003లో 'జానీ'లో 'ఈ రేయి తీయనిది' ఎక్కడిది? 1970 నాటి 'చిట్టి చెల్లెలు'లో రాజేశ్వరరావు గారి పాట. అది విని అప్పుడు మా నాన్న కూడా 'ఇదేం ఖర్మరా' అన్నాడు. నేను ఒరిజినల్‌ని వెతుక్కుని విన్నది మాత్రం ఆ రీమిక్స్ పుణ్యమే.

తణుకు బుల్లోడు:
😀 దెబ్బ తగిలింది.
కాసెట్ గారూ, మరి ఎల్.ఆర్. ఈశ్వరి గారు? 'మసక మసక చీకటిలో' పాడిన గొంతు. 2011లో తమన్ తమిళ 'ఒస్తి' కోసం పిలిచి 'కలాసలా' పాడించాడు. ట్యూన్ ఆవిడది కాదు. దాన్ని కూడా కమ్‌బ్యాక్ అనరా?

కాసెట్‌కాలం:
అంటాను, ఎందుకనను! ఆవిడ వృత్తే పాడటం. వదిలిన పనే మళ్ళీ చేశారు. గోగుల వదిలిన పని వేరు, ఇప్పుడు చేసిన పని వేరు.

ఫ్రీమాంట్ మావయ్య:
ఆలస్యంగా వచ్చాను, ఏమనుకోకండి. ఇక్కడ మా తరం అమెరికన్లకి ఇలాంటిదే ఒకటి జరిగింది, అబ్బా అనే స్వీడన్ గ్రూపు. 1981లో ఆల్బమ్ వేశారు, ఆ తర్వాతది 2021 నవంబర్‌లో. 40 ఏళ్ళు. ట్యూన్లు కట్టింది ఆ ఇద్దరు మగవాళ్ళే, పాడింది ఆ ఇద్దరు ఆడవాళ్ళే. కాసెట్ గారి నిర్వచనానికి నూటికి నూరు సరిపోతుంది. కొత్త ఫ్యాషన్ల జోలికి పోలేదు, ఎప్పటి వాళ్ళ బాణీలోనే చేశారు.
వాళ్ళకి ఒక హీరో డేట్లు, ఒక ప్రొడ్యూసర్, ఒక సంక్రాంతి అక్కర్లేదు. మనకి సినిమా లేకపోతే పాటే లేదు. నిజానికి గోగుల సినిమాల్లోకి రాకముందు పాప్ ఆల్బమ్ చేసిన మనిషి. 'మిస్టీ రిథమ్స్' అని ఒక బ్యాండు ఉండేది. రావాలనుకుంటే ఆయన ఆ దారిలో రావచ్చు. బీజీఎమ్ చాకిరీ ఉండదు, నాలుగు పాటలు తీరిగ్గా చేసుకోవచ్చు.
ఇక కాసెట్ గారికి నాదొక ప్రశ్న. ఆయన ట్యూన్ కావాలి, ట్యూన్ కావాలి అంటున్నారు. '1000 అబద్ధాలు'లో ఒక్క పాట పేరు చెప్పండి. వెతక్కుండా.

బేస్‌గిటార్ బాబు:
🍿

ఖమ్మం కోయిల:
మూడు గంటలైంది. కాసెట్ గారు వెతుకుతున్నట్టున్నారు.

కాసెట్‌కాలం:
వెతకలేదు మేడమ్, డ్యూటీలో ఉన్నా. నిజం చెప్తున్నా, గుర్తు రావడం లేదు. 'బోణీ' కూడా చూశాను గానీ పాట పట్టుకోమంటే పట్టుకోలేను. 2013లో నాకు పెళ్ళైంది, ట్రాన్స్‌ఫర్ అయింది, ఆ ఏడాది ఏ సినిమా పాటలూ సరిగ్గా వినలేదు... అని చెప్పుకోవచ్చు గానీ, ఆ ఏడాదే వచ్చిన 'అత్తారింటికి దారేది' పాటలు వరసగా చెప్పగలను. కాబట్టి అది సాకే.

ఫ్రీమాంట్ మావయ్య:
అదే నేననేది. ఆయన కొత్త సంగీతంతో వచ్చారు. ఒకసారి కాదు, 2009లోనూ 2013లోనూ. అప్పుడు మీరూ లేరు, నేనూ లేను. 1999ని గుర్తు చేసే గొంతుతో వచ్చాక అందరం గేటు దగ్గర దండలతో నిలబడ్డాం.

తణుకు బుల్లోడు:
మావయ్య గారూ, సినిమా ఆడకపోతే పాట ఎక్కడ వింటామండీ? అప్పుడు చేతిలో ఇలాంటి ఫోన్లు లేవు, మా ఊళ్ళో ఎఫ్‌ఎమ్ కూడా పట్టేది కాదు. ఆ తప్పు వినేవాళ్ళ మీదే తోసేస్తే ఎలా?

ఖమ్మం కోయిల:
ఫ్లాపు సినిమా పాటలు విననివాళ్ళు ఫ్లాపు తర్వాత మ్యూజిక్ డైరెక్టర్‌ని కూడా పిలవరు. పిలవకపోతే రారు. రాకపోతే మనం 'గ్యాప్' అంటాం, ఆయనేదో అలిగి వెళ్ళిపోయినట్టు. నేను మాత్రం 'గోదారి గట్టు'ని కమ్‌బ్యాక్ అనే అంటాను. పిలుపు వచ్చింది కదా, ఆయన పలికారు కదా. అంతకంటే ఏం కావాలో నాకర్థం కాదు.

కాసెట్‌కాలం:
నాకు ఆయన ట్యూన్ కావాలి మేడమ్, ఆ మాట మీదే ఉన్నా. కానీ అడిగే ముందు ఉన్నవి వినాలి, అది ఒప్పుకుంటున్నా. ఈ రాత్రి డ్యూటీ దిగాక '1000 అబద్ధాలు' మొత్తం పెట్టుకుంటా.

(మరుసటి రోజు)

కాసెట్‌కాలం:
విన్నాను. రెండు పాటలు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టుకున్నాను.

ఫ్రీమాంట్ మావయ్య:
ఏ రెండు?